నలభై సెకన్ల పాఠం

రాజమ్మ ఫోనులో పంపిన మాటల ముక్క నలభై సెకన్లే ఉంది. మొదట ఎవరో మగమనిషి గొంతు. ఆదివారం పొద్దున పదింటికి సూర్యగ్రహణం పడుతుందనీ, ఆ తర్వాత ఏమవుతుందో చదువుకున్నవాళ్లే చెబుతున్నారు వినండనీ అన్నాడు. ఆ వెంటనే ఒక ఆడమనిషి నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది: "ఇది ఏ క్షణమైనా జరగవచ్చు. ముందుగా ఏ సూచనా ఉండదు. జరిగినట్టు మనకు తెలియను కూడా తెలియదు. అంతా ఒక్కసారే ముగిసిపోతుంది."

అనురాధ రెండోసారి విన్నాక గానీ ఆ గొంతు తనదేనని గుర్తుపట్టలేదు.

ఆమె లింబాయత్‌లోని తెలుగు బడిలో సైన్సు టీచరు. ఆ పేట నిండా గుజరాతీల ఊళ్లోకి మగ్గాల పనికి వచ్చి పాతుకున్న తెలుగువాళ్లే. నలభై ఒక్కేళ్లు. మార్చిలో కరోనాతో బడి మూతపడ్డాక పిల్లలకు రోజూ సాయంత్రం పాఠాన్ని గొంతుతో రికార్డు చేసి వాళ్ల తల్లిదండ్రుల ఫోన్లకు పంపుతోంది. వీడియోలు చూసే స్తోమత ఆ ఇళ్లలో చాలామందికి లేదు. జూన్ మొదటివారంలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె, నాయనమ్మ పోయిన నాలుగోరోజు, ఒక ప్రశ్న పంపింది. మేడం, అన్నీ అయిపోతాయా, సూర్యుడు కూడానా అని. పుస్తకంలో దానికి జవాబు లేదు. అనురాధ రెండు రోజులు చదివి, విశ్వం ఎలా మొదలైందో, ఎలా ముగియవచ్చో మూడు పాఠాలుగా చెప్పింది. మూడో పాఠం చివర్లో శాస్త్రజ్ఞులు ఊహించిన ముగింపులన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది. వాటిలో ఒకటి ఈ హఠాత్తు ముగింపు. అది జరిగే అవకాశం ఎంత తక్కువంటే లెక్కలోకి తీసుకోనక్కరలేదని కూడా ఆ వెంటనే చెప్పింది. ఆ మాటను ఎవరో కత్తిరించేశారు.

ముక్క పంపిన వెంటనే రాజమ్మ ఫోను చేసింది. లింబాయత్‌లో అనురాధ పుట్టి పెరిగిన గల్లీలోనే ఉంటుందామె. తమ పక్కింటి సోమలింగం సంగతి చెప్పింది. అతని భార్య భూదేవికి ఐదు రోజులుగా జ్వరం, నిన్నటినుంచి ఊపిరి ఆడడం లేదు. నిన్న ఇంటింటి జ్వరాల సర్వేకు వచ్చినవాళ్లతో అతను భార్య ఇంట్లో లేదని చెప్పి పంపేశాడు. ఇవాళ లోపల గొళ్లెం పెట్టుకున్నాడు. దవాఖాన ఎందుకు, పదింటితో అంతా అయిపోతుంది, టీచరమ్మే చెప్పింది అంటున్నాడట.

"నీ మాటనే అంటున్నడు," అంది రాజమ్మ. "ఇంకెవలు చెప్పినా ఇంటలేడు. నువ్వే రావాలె."

అప్పటికి ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. అనురాధ తల్లితో కలిసి నదికి అవతల కోసాడ్ క్వార్టర్లలో ఉంటోంది. తల్లి లలితమ్మకు ఆయాసం జబ్బు. విషయం విని ఆమె వెళ్లొద్దంది. ఆ జబ్బు అంటుకుంటే తాను తట్టుకోలేనని నిష్ఠూరం లేకుండా, ఉన్నమాటగా చెప్పింది. అనురాధ కాదనలేదు. తల్లి మంచం, మందులు, నీళ్ల బిందె లోపలి గదిలోకి చేర్చి, తిరిగొచ్చాక పద్నాలుగు రోజులు తాను ముందు గదిలోనే ఉంటానని చెప్పి స్కూటరు తాళం తీసుకుంది. టీచర్లకు వేసిన సర్వే డ్యూటీకి ఇచ్చిన ఆక్సిజన్ చూసే మిషను సంచిలో వేసుకుంది.

అమ్రోలి దాటి తాపీ నది వంతెన ఎక్కేటప్పటికి రోడ్డు మీద మనిషి లేడు. కరోనా భయానికి గ్రహణం భయం తోడైంది. ఆకాశమంతా మబ్బు. వంతెన దిగి ఒక పక్కకు ఆగి 108కి ఫోను చేసింది. అంబులెన్సు రావడానికి గంట పడుతుందన్నారు. గల్లీలోకి బండి రాదు, రోగిని బయటికి తేవాలి, పది నిమిషాలకన్నా ఆగలేము, ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారు అని చెప్పారు.

గల్లీ మొదట్లో వెదురుబొంగులు అడ్డం కట్టి ఉన్నాయి. స్కూటరు అక్కడే వదిలి ఆమె వాటి కిందనుంచి దూరింది. చిన్నప్పుడు ఈ గల్లీలో మాట వినపడాలంటే అరవాల్సి వచ్చేది, మగ్గాల చప్పుడు అంతగా ఉండేది. ఇప్పుడు ఒక ఇంట్లో పిల్లాడు దగ్గితే గల్లీ చివరిదాకా వినిపిస్తోంది. పనివాళ్లలో సగంమంది రైళ్లెక్కి సొంతూళ్లకు పోయారు. సంసారాలతో పాతుకుపోయినవాళ్లే మిగిలారు. అన్ని తలుపులూ మూసే ఉన్నాయి.

పది కావడానికి పది నిమిషాలుండగా ఆమె సోమలింగం తలుపు తట్టింది.

కిటికీ రెక్క ఒకటి తెరుచుకుంది. సోమలింగానికి యాభై నాలుగేళ్లు. అనురాధ తండ్రి, అతను ఒకే ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, పక్కపక్కన మగ్గాలు నడిపారు. ఆమెను బడికి సైకిలు మీద దింపిన రోజులున్నాయి. గడ్డం మాసి, కళ్లు లోతుకు పోయి ఉన్నాడు. అతని వెనక చాప మీద భూదేవి పక్కకు ఒరిగి పడుకుంది. ఊపిరి తీసినప్పుడల్లా భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"గిప్పుడొచ్చినవా చెల్లె," అన్నాడతను. గొంతులో కోపం లేదు. "ఇంక పది నిమిషాలే ఉన్నది. ఇంటికి పో. అమ్మ కాడ ఉండు."

ఆ నెమ్మదితనమే అనురాధను భయపెట్టింది. తాను అరుపులు వింటాననుకుని వచ్చింది. ఆ మెసేజ్ తప్పుడుదనీ, తలుపు తియ్యమనీ అడిగింది. అతను జేబులోంచి ఫోను తీసి, నలభై సెకన్లూ ఆమెకు వినిపించాడు.

"ఇది నీ గొంతు కాదా?"

"నా గొంతే అన్నా."

"మరి పోరగాండ్లకు అవద్దం చెప్పినవా?"

"అవద్దం చెప్పలే. పాఠం అరగంటది. నువ్విన్నది నలభై సెకండ్లు."

"అయితే మిగిలింది చెప్పు," అన్నాడు. "టైమున్నంత సేపు ఇంట."

ఆమె ముందుగా మిషను ఊచల మధ్యనుంచి అందించి, భూదేవి వేలికి పెట్టమంది. అతను కాసేపు తటపటాయించి పెట్టాడు. అంకె ఎంతో చదవమంది. ఎనభై రెండు అన్నాడు. ఎంతుండాలని అడిగాడు. తొంభై అయిదు పైన ఉండాలని చెప్పింది. అతను వంగి ఆ అంకెను ఇంకోసారి చూశాడు. 

అప్పుడు అనురాధ కిటికీ దగ్గర నిలబడి, మాస్కు సరిచేసుకుని, గొంతు పెంచి పాఠం చెప్పింది. అరగంట పాఠాన్ని పది నిమిషాల్లో చెప్పాలని చూసింది, పది దాటి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. ఈ కనిపించేదంతా పద్నాలుగు వందల కోట్ల ఏళ్లకు కొంచెం తక్కువ కిందట సూదిమొనకన్నా చిన్న చోట ఇరుక్కుని మండుతూ ఉండేదనీ, అది విచ్చుకుని చల్లబడితే చుక్కలు పుట్టాయనీ చెప్పింది. మన సూర్యుడు నడీడు మనిషిలాంటివాడనీ, ఇంకో అయిదు వందల కోట్ల ఏళ్లు మండుతాడనీ చెప్పింది. ముసలితనంలో ఉబ్బి ఎర్రబడతాడు, ఆ వేడికి సముద్రాలు ఎన్నడో ఇగిరిపోయి ఉంటాయి, చివరికి నిప్పుకణికలా కుంచించుకుపోతాడు. కొత్త చుక్కలు పుట్టడానికి సరుకు తరిగిపోతుంది. ఉన్నవి ఒక్కొక్కటే ఆరుతాయి. కోటి కోట్ల ఏళ్లకు ఆఖరి చుక్క ఆరిపోతుంది. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, సూర్యుడికి చందమామ కాసేపు అడ్డం వస్తుంది, అంతే.

"మొన్న డిసెంబర్‌ల గూడ పట్టింది గద," అంది. "తెల్లారి నువ్వు డ్యూటీకి పోలేదా?"

సోమలింగం తల వంచుకుని, పనిలో మేస్త్రీ మాట వినే మనిషిలా విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు:

"ఆఖరుకైతే చీకటే గద?"

"ఆఖరుకు చీకటే అన్నా. ఇయ్యాల కాదు."

"ఏ క్షణమైనా అన్నది నువ్వే. ఇయ్యాల గూడ అందుట్లనే ఉన్నది గద?"

 అనురాధను తరగతిలో ఏ పిల్లవాడూ ఇంత సూటిగా అడగలేదు. ఇవాళ కాదని వందకు వంద చెప్పగలవా అంటే, తాను చదువుకున్న చదువు ప్రకారం చెప్పలేననే అనాలి. ఆ ఒక్క వెంట్రుకంత సందులో ఈ మనిషి కూర్చున్నాడు. ఆమె మౌనం చూసి అతను తల ఊపాడు.

"పదింటికి పట్టింది, ఒకటిన్నరకు గ్రహణం విడుస్తది," అన్నాడు. "అప్పటిదాంక చూద్దం. లోకం ఉంటే నేనే ఎత్తుకొని తెస్త. నీ మాట నిజమైతే ఆగుతానికి నీకేం భయం?"

న్యాయంగానే అడిగాడు. ఒకటిన్నరకు లోకం ఉంటుంది, అందులో ఆమెకు అనుమానం లేదు. భూదేవి ఉంటుందో లేదో తెలియదు. మూడు గంటలకు పైగా ఎనభై రెండు అంకె మీద మనిషి నిలవదని సర్వే డ్యూటీలో ఆమె చూసింది. తాను గెలిచేసరికి లోపల శవం ఉండవచ్చు. ఆ మాట భూదేవి వినేలా చెప్పడానికి నోరు రాలేదు.

ఇంతలో ఫోను మోగింది. అంబులెన్సు గల్లీ మొదట్లోకి వచ్చింది. టైము పదీ నలభై. వెలుగు పలచబడింది. మబ్బు వల్లో, గ్రహణం వల్లో, గోడలు బూడిదరంగులోకి తిరిగాయి. ఎదురింట్లో ఎవరో గట్టిగా దేవుడి పేరు తలుచుకోవడం మొదలుపెట్టారు. రాజమ్మ తలుపు సందులోంచి చూస్తోంది.

బండి ఆగేది పది నిమిషాలు. అనురాధ అంతవరకూ ఏ పిల్లవాడి ముందూ చెయ్యని పని చేసింది. కిటికీ ఊచ పట్టుకుని, తాను చెప్పింది అబద్ధమేనంది. ఆ ముగింపు ఏ పుస్తకంలోనూ లేదనీ, పిల్లలు శ్రద్ధగా వింటారని కథ కల్పించాననీ చెప్పింది. కావాలంటే ఈ మాట రికార్డు చేసి అందరికీ పంపుతానంది.

సోమలింగం ఆమె కళ్లలోకి చూశాడు.

"చిన్నప్పటి సంది చూస్తున్న నిన్ను," అన్నాడు. "అవద్దం గిప్పుడు చెప్తున్నవ్ టీచరమ్మా."

కిటికీ రెక్క మూయబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. రెక్క అంచు వేళ్ల మీద పడి నొక్కుకుంది. అతను ఆగాడు. ఆ నొప్పిలో, చెప్పాల్సింది సూర్యుడి గురించి కాదని ఆమెకు తట్టింది.

మే నెలలో సోమలింగం తమ్ముడు సాంబయ్య ఇదే జబ్బుతో పోయాడు. అంబులెన్సు ఎక్కి వెళ్లాడు, ఐదోరోజు ఫోను వచ్చింది. ఇంటికి తేలేదు, ముఖం చూపించలేదు. అనురాధ ఆ సంగతి విని, అప్పట్లో ఫోనులోనే ఓదార్చింది.

"అన్నా," అంది, "ఇయ్యాల లోకం ఆగిపోతదని నమ్మినవా? ఆగిపోతే మంచిగుండు అనుకున్నవా?"

 అతను నుదురు ఊచలకు ఆనించాడు. 

"కాటికి మూడు బండ్లు వరసగా వచ్చినయ్ చెల్లె. నన్ను రోడ్డు అవతల నిలబెట్టిండ్రు. మావోడు ఏ బండిల ఉన్నడో తెల్వలే. మూడు బండ్లకు దండం పెట్టి వచ్చిన." ఊపిరి తీసుకున్నాడు. "దీన్ని గట్ల పంప. అందరం ఒక్కసారే పోతమని నీ గొంతు ఇంటే నాకు నెమ్మది అనిపించింది."

 అనురాధ చెయ్యి ఊచల మధ్యనే ఉంది. గల్లీ మొదట్లో హారన్ మోగింది, ఒకసారి, మళ్లీ ఒకసారి.

చాప మీదనుంచి మాట వినిపించింది. ఇద్దరూ తిరిగి చూశారు. భూదేవి మోచేతి మీద లేచింది. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి.

"నన్ను... ఎవ్వలు అడుగుతలేరు."

సోమలింగం ఆమె పక్కన కూలబడ్డాడు. ఆమె అతని చొక్కా పట్టుకుంది.

"లోకం ఉంటదో... పోతదో... నాకు గాలి గావాలె. నువ్వు భయపడ్డవ్... నేను పడలే. తియ్యి తలుపు."

అతను కదలలేదు. ఆమె చొక్కా వదిలి, చాప మీదనుంచి దిగి, చేతులు నేలకు ఆనించి గుమ్మం వైపు జరగడం మొదలుపెట్టింది. రెండు జానలు జరిగి ఆగిపోయింది, ఆయాసంతో నుదురు నేలకు తగిలింది. అప్పుడు సోమలింగం లేచి గొళ్లెం తీశాడు.

అనురాధ పరుగెత్తింది. బండి అప్పటికే వెనక్కి తిరుగుతోంది. ఆమె దాని ముందుకు పోయి నిలబడి, రెండు చేతులూ చాపి, రెండు నిమిషాలు ఆగమని, వస్తున్నారని, దో మినిట్ భాయ్, ఆ రహే హై అని మళ్లీ మళ్లీ చెప్పింది. డ్రైవరు చేతి గడియారం చూపించాడు. అతని కరోనా సూటు లోపల చెమట కారుతూ కళ్లద్దాలు మసకబారి ఉన్నాయి. ఇంజను మాత్రం ఆపాడు.

ఆ బూడిద వెలుతురులో సోమలింగం భార్యను రెండు చేతుల మీద ఎత్తుకుని వస్తున్నాడు. బక్కపలచటి మనిషి, మూడు నెలలుగా పని లేక కండ కరిగిన మనిషి, నాలుగు అడుగులకోసారి గోడకు ఆనుకుంటున్నాడు. గల్లీలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు, గ్రహణం పట్టి ఉంది. సగం దూరం వచ్చేసరికి అతని మోకాళ్లు వంగాయి. అప్పుడు రాజమ్మ తలుపు తీసి బయటికి వచ్చింది. కొంగు ముక్కుకు బిగించి కట్టుకుని, భూదేవి కాళ్ల వైపు పట్టుకుంది. ఇద్దరూ కలిసి వెదురుబొంగుల దాకా తెచ్చారు.

మాస్కు పెట్టి గాలి వదలగానే భూదేవి కళ్లు మూసుకుంది. సోమలింగం బండి ఎక్కబోతే వద్దన్నారు. అతను వాదించలేదు. తన ఫోను భార్య చేతిలో పెట్టి వేళ్లు మూశాడు. రాజమ్మ ఫోనుకు చేయమన్నాడు. తర్వాత బండి వెనక్కి పోయి, అనురాధ దగ్గర పెన్ను అడిగి, నంబరు ప్లేటు మీది అంకెలు అరచేతిలో రాసుకున్నాడు. తప్పు పడిందేమోనని రెండుసార్లు సరిచూసుకున్నాడు.

బండి పోయాక అతను మూసివున్న చాయ్ దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. అనురాధ ఆరడుగుల దూరంలో నిలబడింది. ఒకటిన్నర దాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. మధ్యలో ఒకసారి మబ్బు పలచబడితే, పైకి చూడొద్దు అన్నా, కండ్లు పోతయ్ అంది. అతను అసలు పైకి చూడనే లేదు. వార్డులో మంచం దొరికిందని పన్నెండూ పావుకు తన ఫోనుకు వచ్చిన కబురు రాజమ్మ తెచ్చింది. గ్రహణం ఎప్పుడు విడిచిందో ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

మూడోరోజు సోమలింగానికీ జబ్బు బయటపడింది, తేలికగానే పోయింది. అనురాధ పద్నాలుగు రోజులు ముందు గదిలో గడిపింది. లలితమ్మ దగ్గిన ప్రతిసారీ గోడ అవతలనుంచి లెక్కపెట్టుకుంది. తల్లికి ఏమీ కాలేదు. బడి పెద్దసారు సంజాయిషీ అడిగాడు. ఉన్నది ఉన్నట్టు రాసిచ్చింది. పుస్తకం దాటి పాఠం చెప్పొద్దని ఆయన ఫోనులో మందలించాడు. ఆ ముక్క కత్తిరించింది ఎవరో తెలియలేదు. కొన్నాళ్లు తల్లిదండ్రుల పేర్లు ఒక్కొక్కటే తిరగేసి అనుమానించింది, తర్వాత మానేసింది. ఆ పిల్ల అడిగినప్పుడు ఊరుకుని ఉంటే సరిపోయేదా అన్నది మాత్రం చాలాకాలం ఆమెను వదల్లేదు. భూదేవి పోయి ఉంటే తాను ఏమనుకునేదో ఊహించలేకపోయింది.

భూదేవి పందొమ్మిది రోజులకు ఇంటికి వచ్చింది. సగం మనిషైంది. చీరలకు రాళ్లు అంటించే పనికి గంట కూర్చుంటే ఆయాసం వస్తోంది.

సెప్టెంబరులో అనురాధ చూడడానికి వెళ్లింది. భూదేవి గుమ్మంలోనే కుర్చీ వేసి, దూరంగా కూర్చోమంది. వార్డు సంగతులు చెప్పింది. పక్క మంచం మీద బార్డోలీ నుంచి వచ్చిన ఒక గుజరాతీ ఆమె ఉండేదట, ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు. నిద్ర పట్టనప్పుడు కిటికీలోంచి విన్న పాఠమంతా ఆమెకు చెప్పిందట, చేతులతో సూర్యుణ్ణి ఉబ్బించి, కుదించి. ఆమె నవ్విందట. పదకొండోరోజు ఆమె పోయింది.

"గామె ఒకటి అడిగింది," అంది భూదేవి. "నాకు చెప్పరాలే. ఆఖరి చుక్క గూడ ఆరినంక, మల్ల షురూ అయితదా?"

 మళ్లీ మొదలవుతుందని కొందరు అంటారు, కాదని ఎక్కువమంది అంటారు, రెండిటికీ రుజువు లేదు.

"ఎవ్వలకు తెల్వదు వదినె."

 "అయితే పోరగాండ్లకు గట్లనే చెప్పు," అంది భూదేవి. "తెల్వదని చెప్పు."

అనురాధ లేచేసరికి సోమలింగం డ్యూటీ దిగి వచ్చాడు. ఖాతాలు మళ్లీ తెరిచారు, చొక్కా నిండా నూలు దుమ్ము. భార్యను గొళ్లెం పెట్టి ఆపిన తనను ఆమె చూసిందన్న సిగ్గుతో జూన్ నుంచీ అతను ఆమెతో మాట్లాడలేదు, ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. ఇప్పుడూ మాట్లాడలేదు. గల్లీ ఇరుకులో ఆమె స్కూటరు తిప్పలేక అవస్థ పడుతుంటే వచ్చి, వెనక చక్రం ఎత్తి, బండిని రోడ్డు వైపు తిప్పి పెట్టాడు.